దయ్యానికి సౌండు పెట్టే పని

దయ్యం సినిమా తీద్దామనుకున్నవాళ్లు మొదట మేకప్ మనిషిని వెతుక్కుంటారు. తర్వాత పాడుబడ్డ మిద్దె వెతుకుతారు. సౌండు మనిషి గుర్తొచ్చేది ఆఖర్న, జేబులు ఖాళీ అయినాక. హార్డ్ డిస్క్ చేత్తో పట్టుకొని వచ్చి, "అన్నా, షూటింగ్ అయిపాయ. కొంచెం భయం వేసియ్యి" అంటారు, కూరలో ఉప్పు తక్కువైనట్టు.

వాళ్లకి చెప్పేదే మీకూ చెప్తాను. డబ్బుల్లేని సినిమాలో దయ్యం కంటికి కనబడితే జనం నవ్వుతారు. చెవికి వినబడితే నమ్ముతారు. దయ్యం కామెడీకి ఆ నవ్వూ కావాలి, ఈ నమ్మకమూ కావాలి. ఎక్కడ ఏది రావాలో తేల్చేది చాలావరకు సౌండే. మేకప్ వాళ్లు కోప్పడినా సరే, నా మాట ఇదే.

నేను ఆదోనిలో ఉండి ఈ పని చేస్తాను. హైదరాబాదు కృష్ణానగర్‌లో కొన్నేళ్లు డబ్బింగ్ థియేటర్లలో అసిస్టెంటుగా ఉండి, అక్కడి అద్దెలు కట్టలేక ఊరికి వచ్చేశాను. పెళ్లి వీడియోలు, యూట్యూబ్ షార్ట్ ఫిల్ములు, ఎప్పుడన్నా ఒక చిన్న సినిమా. చేసిన వాటిలో నాకు బాగా ఇష్టమైంది మా దగ్గర్లోని ఉరుకుంద చుట్టుపక్కల పల్లెల్లో తీసిన ఒక దయ్యం కామెడీ. పేరు చెప్పను. డైరెక్టరు ఇంకా ఓటీటీ వాళ్లతో బేరంలో ఉన్నాడు.

అందులో దయ్యం మీకందరికీ తెలిసిందే. రాత్రిపూట వచ్చి తలుపు కొడుతుంది. మనకు తెలిసిన గొంతుతో, అమ్మలాగో అవ్వలాగో పిలుస్తుంది. తలుపు తీశామా, అంతే. అందుకే ఒకప్పుడు గోడల మీద, తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు. మాది కర్ణాటక సరిహద్దు కాబట్టి 'నాళె బా' కూడా మాకు తెలిసిన రాతే. దయ్యం వస్తుంది, చదువుకుంటుంది, వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుకొని పోతుంది. మా డైరెక్టరు దీనికి ఒక్క మెలిక పెట్టాడు. ఎన్నికలొచ్చి ఆ రాత మీద పోస్టరు అంటిస్తారు. చదవడానికి ఏమీ లేక దయ్యం అరుగు మీదే కూర్చుండిపోతుంది. ఇంట్లోవాళ్లు బయటికి పోలేరు, దాన్ని లోపలికి రానివ్వలేరు. కథంతా అంతే.

ఈ దయ్యం మీద సినిమాలు మాకంటే ముందు వచ్చాయి. 2018లో హిందీలో 'స్త్రీ' వచ్చింది. అమర్ కౌశిక్ డైరెక్టరు, మధ్యప్రదేశ్‌లోని చందేరి ఊళ్లో జరిగే కథ. అది రాసింది మాత్రం మనవాళ్లే, రాజ్, డీకే. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూనే సొంత డబ్బులతో 'ఫ్లేవర్స్' తీసినవాళ్లు. అది 2003 నాటి మాట. చేతిలో ఏమీ లేకుండా సినిమా తీయడం ఎట్లుంటుందో తెలిసినవాళ్లు కాబట్టే 2021లో 'సినిమా బండి'ని నిర్మించారేమో. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో ఊరి జనం సినిమా తీసే కథ అది. దాని డైరెక్టరు ప్రవీణ్ కండ్రేగుల 2025లో 'శుభం' తీశాడు. సీరియల్ టైమయ్యేసరికి పెళ్లాలకు దయ్యం పడుతుంది, మొగుళ్లు వణికిపోతుంటారు. ఇక మా కర్నూలు మీదికి ప్రశాంత్ వర్మ ఏకంగా జాంబీలనే తోలాడు, 'జాంబీ రెడ్డి'లో.

ఇవన్నీ చూసిన నిర్మాత, అంటే డైరెక్టరు మేనమామ, "వాళ్లు తీసినాక మనం ఎందుకుప్పా?" అని అడిగాడు. డైరెక్టరు దగ్గర జవాబు లేదు. నేను మాత్రం "మన తలుపు చప్పుడు వాళ్ల దగ్గర లేదు మామా" అన్నాను. పని దొరకాలని అన్న మాట అది. తర్వాత నిజం చేయాల్సి వచ్చింది.

మా వైపు పాత మట్టి మిద్దెల గోడలు మూరకు పైగానే మందం ఉంటాయి. లోపల మాట్లాడితే గొంతు మోగదు, గోడ తాగేస్తుంది. డైలాగు రికార్డు చేయడానికి అంతకంటే మంచి గది హైదరాబాదులో కూడా అద్దెకు దొరకదు. కానీ మేం షూటింగ్ చేసిన మిద్దెకున్న టేకు తలుపు మాత్రం పనికిరాలేదు. మరీ బరువు. బయట ఎంత గట్టిగా కొట్టినా లోపల మైకులో 'దుబ్బు' మని ఒక ముద్ద శబ్దం పడేది. థియేటర్లో సబ్ ఊఫర్ దాన్ని మోస్తుంది. ఫోన్లో అదసలు వినబడదు. ఫోన్ స్పీకర్లు అంత చిన్నవి, లోతైన శబ్దాలు వాటిలోంచి బయటికి రావు. మన సినిమా చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు. కాబట్టి దయ్యం 'దుబ్బు' మంటే లాభం లేదు, 'టక్' మనాలి.

ఒక్క తలుపు దెబ్బను మూడు పొరలుగా కట్టాం. ఒకటి ఆ టేకు తలుపు దెబ్బే, కడుపులో బరువు కోసం. రెండోది వేలి కణుపులతో పాత మామిడి చెక్క పెట్టె మీద కొట్టింది, మైకు జానెడు దూరంలో పెట్టి తీశాం. టక్ అనేది అదే. మూడోది గొళ్లెం గొలుసు. దెబ్బ పడిన తర్వాత చాలా సన్నగా, ఇనుము ఇనుముకు తగిలి ఆగిపోయే చప్పుడు. ఈ మూడోదాన్ని ఎవరూ గుర్తుపట్టరు. తీసేస్తే మాత్రం దయ్యం తలుపు దగ్గరకు రాకుండా స్టూడియోలోనే ఉండిపోయినట్టు ఉంటుంది.

చప్పుడు ఒక ఎత్తు, రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ ఒక ఎత్తు. మనిషి తలుపు కొడితే దబదబా రెండు మూడు సార్లు కొడతాడు, పనిమీద వచ్చాడు కదా. దయ్యం ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. ఇప్పుడింకోసారి కొడుతుందని చూసేవాడు అనుకున్న చోట కొట్టకూడదు. ఆ చోటు దాటితే భయం మొదలవుతుంది. మా సినిమాలో హీరో స్నేహితుడు "పోయిందిరా" అంటాడు. ఎడిటరు ఆ మాట అయిన వెంటనే దెబ్బ పెట్టాడు. భయమూ రాలేదు, నవ్వూ రాలేదు. నేను దాన్ని జరిపాను. "పోయిందిరా" అన్నాక వాడు ఊపిరి పీల్చుకుంటాడు, వదలడం మొదలుపెడతాడు, వదులుతుండగా 'టక్'. జరిపింది పన్నెండు ఫ్రేములు, అంటే అర సెకను. ఆ అర సెకను కోసం మా ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. ఊరి కుర్రాళ్లకు రెండు రకాలూ వేసి చూపించాం. రెండోదానికి కుర్చీలు కదిలాయి, ఆ వెంటనే పగలబడి నవ్వారు. ఎడిటరు లేచి వెళ్లి టీ తెచ్చిచ్చాడు.

ఆ ఖాళీ సంగతి నాకు సినిమావాళ్లు నేర్పలేదు, ఆదోనిలో మైకు సెట్టు నడిపిన భాయ్ నేర్పాడు. చదువుకునే రోజుల్లో ఆయన దగ్గర వైర్లు చుట్టేవాణ్ని. శ్రావణమాసం వచ్చిందంటే ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర జనం అంతా ఇంతా కాదు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, ట్రాక్టర్ల మీద, బస్సుల మీద, సోమవారం గురువారం అయితే కాలు పెట్టే చోటుండదు. ఆ గోలలో తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పాలి, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. నేను ఒక్క గుక్కలో చదివేసేవాణ్ని. ఒక్కరూ తల తిప్పేవారు కాదు. భాయ్ మైకు లాక్కొని, "ఇక్కడ వినండి" అని ఆపేశాడు. ఆపి, ఊరికే ఉన్నాడు. ఎంతసేపటికీ మైకులోంచి ఏమీ రాకపోయేసరికి జనం తలెత్తి స్పీకరు వైపు చూశారు. అప్పుడు చెప్పాడు పేరు. పిల్లవాడి తల్లి పరుగున వచ్చింది. "గట్టిగా అరిస్తే వినరు బేటా, ఆపితే వింటారు" అన్నాడు. నేను చేసిన దయ్యాలన్నీ ఆ ఒక్క మాట మీద బతుకుతున్నాయి.

ఇన్నీ తెలిసిన నన్ను అడక్కుండా మా షూటింగుకు రాత్రి సీన్లు శ్రావణంలో పెట్టారు. మేనేజరు పాపం బయటి ఊరివాడు. "పల్లెటూరు కదా సార్, నిశ్శబ్దంగా ఉంటుంది" అని రాసుకున్నాడు. దయ్యం అరుగు మీద కూర్చునే షాటు తీస్తుంటే రోడ్డు మీద ట్రాక్టర్లలో భక్తులు, డప్పులు, ఈలలు. డైరెక్టరు "డబ్బింగ్‌లో చూసుకుందాం" అన్నాడు. ఈ మాట ఎక్కడ వినబడినా మీరు మాత్రం తల ఊపొద్దు. ఆ రాత్రుల్లో దూరం షాట్లు మాత్రమే తీయించి, గొంతులుండే దగ్గరి షాట్లన్నీ మిద్దె లోపలికి, శ్రావణం తర్వాతికి తోశాను. కెమెరా అద్దె పెరిగింది, తిట్లు పడ్డాయి. ఒక లాభం కూడా కలిగింది. ఆ డప్పులు, జనం నేను విడిగా రికార్డు చేసి పెట్టుకున్నాను. ఇప్పటికీ ఏ జాతర సీనుకైనా అవే వాడుకుంటాను.

ఇక దయ్యం గొంతు. హైదరాబాదు నుంచి మంచి డబ్బింగ్ ఆర్టిస్టు చేత చెప్పించాం. చక్కగా చెప్పింది. చక్కగా ఉండటమే వచ్చిన చిక్కు, టీవీలో సబ్బు ప్రకటన విన్నట్టుంది. చివరికి షూటింగ్ జరిగిన వీధిలోనే ఒక అవ్వను అడిగాం.

"అవ్వా, రాత్రి అన్నానికి నీ మనవణ్ని ఎట్ల పిలుస్తావో అట్ల పిలువు."

"ఎవరికి?"

"సినిమాలో దయ్యానికి."

"దయ్యం అన్నానికి పిలుస్తాదా?"

"పిలుస్తాది."

"మంచి దయ్యమే అయితే. దుడ్లు ఎంతిస్తారు?"

బేరం కుదిరింది. మైకు ముందు కూర్చోబెట్టగానే అవ్వ సీరియల్లో అత్తగారైపోయింది. వాయిస్ తీసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, మైకును చూసినవాళ్లు మైకుతోనే మాట్లాడతారు. మనవడు వీధి చివర ఆడుకుంటున్నాడు. "వాణ్నే పిలువు అవ్వా" అని, మైకు ఆమె వెనక, గుమ్మం పక్కన పెట్టాను. "ఒరే చిన్నోడా, రా నాయనా" అని పిలిచింది. వాడు పలకలేదు. రెండోసారి కొంచెం విసుగ్గా, మూడోసారి కొంచెం భయంగా పిలిచింది. మొదట ఆ మూడూ సినిమాలో పెట్టాం. హీరోకు ఇంట్లో ముద్దుపేరు 'చిన్నోడు' అని డైలాగుల్లో మార్చుకున్నాం.

పంచాయతీ ఆఫీసు గోడ మీద ఊరికి వేసి చూపించినప్పుడు తెలిసింది అసలు తంటా. దయ్యం మొదటిసారి పిలవగానే ఊరంతా "అవ్వా!" అని ఒకటే నవ్వు. అవ్వ కూడా నవ్వింది. మొదటి పిలుపుకు నవ్వితే మంచిదే, సినిమా అక్కడ నవ్వమనే అడుగుతోంది. ఆ తర్వాతైనా నవ్వు ఆగాలి కదా. ఒక ఉపాయం చేశాను. మనిషి ఎవరూ ఒకే మాటను రెండుసార్లు అచ్చం ఒకేలా పిలవలేరు. కాబట్టి రెండోసారి కూడా మొదటి పిలుపునే, అదే టేకును, ఏమీ మార్చకుండా పెట్టాను. వినేవాడికి తప్పెక్కడుందో తెలియదు, ఏదో తప్పుందని మాత్రం చెవికి తెలుస్తుంది. మూడోసారి పిలుపు ముందు అవ్వ ఊపిరి పీల్చుకునే శబ్దం కత్తిరించేశాను. ఊపిరి లేకుండా వచ్చిన గొంతు అది. మళ్లీ వేసి చూపిస్తే మొదటిసారికి నవ్వారు. మూడోసారికి అవ్వ మనవడే అవ్వ చెయ్యి వదిలి వాళ్లమ్మ ఒళ్లోకి పోయాడు. దీనికి ప్లగిన్నులు అక్కర్లేదు, కత్తెర చాలు.

మిగతా డబ్బింగంతా ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు గోడౌన్‌లో చేశాం. పత్తి ఊరు మాది, పత్తికి కొదవేముంది. బేళ్లను మూడు వైపులా మనిషెత్తున పేర్చి మధ్యలో నిలబడి మాట్లాడితే గొంతు ఎక్కడికీ పోయి తిరిగి రాదు. వేల రూపాయల ఫోమ్ షీట్లు చేసే పని అది. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. బీడీ, అగ్గిపెట్టె లోపలికి రానివ్వద్దు. ఆర్టిస్టులకు నీళ్లు దగ్గర పెట్టండి, పత్తి నలుసులకు దగ్గొస్తుంది. మిల్లు నడిచే సీజన్లో అయితే అసలు కుదరదు. అన్‌సీజన్లో వాచ్‌మన్‌ను మంచి చేసుకుంటే చాలు.

ఫోలీ, అంటే తెర మీది మనుషుల అడుగులు, బట్టలు, గిన్నెల చప్పుళ్లు మళ్లీ చేసి పెట్టడం. కృష్ణానగర్‌లో ఒక పెద్దాయన నాకు నేర్పాడు. ఎంతోమంది హీరోయిన్ల నడకలు ఆయన నడిచినవే, లుంగీ ఎగ్గట్టుకొని, పట్టీలు కాలికి కట్టకుండా చేత్తో పట్టుకొని. "మనిషి బరువు కాళ్లలో ఉండదు, నడుములో ఉంటుంది" అనేవాడు. మా దయ్యానికి నడక పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయన మాటే గుర్తొచ్చింది. దయ్యానికి కాళ్లు వెనక్కి ఉంటాయి కదా. మనకు ముందు మడమ పడుతుంది, తర్వాత వేళ్లు. దానికి ముందు వేళ్లు పడాలి. ట్రేలో ఎండిన నల్లరేగడి పోసి, మునివేళ్ల మీద ముందు దిగి, తర్వాత మడమ ఆనించి నడిచాను. పిక్కలు పట్టేశాయి గానీ, విన్నవాళ్లకు ఎవరో వెనక్కి నడుస్తున్నట్టే అనిపించింది. గజ్జెలు మాత్రం వాడనని ముందే చెప్పేశాను. తెలుగు దయ్యాలు గజ్జెలు కట్టీ కట్టీ అరిగిపోయాయి.

ఎముక విరిగే శబ్దానికి ఎండిన జొన్నదంటు విరవండి. హాలీవుడ్‌లో దీనికి సెలరీ కాడలు వాడతారట. మన దంటు ఇంకా బాగా పలుకుతుంది. కాలు విరిగే సీను వచ్చినప్పుడల్లా నాకు విఠలాచార్య గారి 'జగన్మోహిని' గుర్తొస్తుంది. 1978 సినిమా. దయ్యం కోడలు కట్టెలకు బదులు కాలే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఖర్చు లేదు, గ్రాఫిక్స్ లేవు, భయం నవ్వు రెండూ ఒకే షాటులో. దయ్యం కామెడీ చేస్తామనే కుర్రాళ్లకు నేను ముందు ఆ సీనే చూపిస్తాను. అందులో దయ్యం భయపెట్టడానికి రాలేదు, వంట చేసుకుంటోంది. మా దయ్యం అరుగు మీద కూర్చోవడం కూడా ఆ వంశమే.

చూపించకుండా భయపెట్టడానికి ఇంకో పాఠం 1942 నాటి 'క్యాట్ పీపుల్'. వాల్ లూటన్ నిర్మాత, జాక్ టూర్నర్ డైరెక్టరు. చిరుతపులిగా మారే ఆడమనిషి కథ, బడ్జెట్ తక్కువ. రాత్రి ఒకామె నడిచి పోతుంటే వెనక ఇంకొకామె చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోతుంది. నిశ్శబ్దం. ఉన్నట్టుండి పులి బుసకొట్టినట్టు 'స్స్‌స్' అని, తెరలోకి బస్సొచ్చి ఆగుతుంది. అది బ్రేకు చప్పుడు. ఇలాంటి అదరగొట్టుడికి సినిమావాళ్లు 'లూటన్ బస్' అనే పేరు పెట్టుకున్నారు. మేము దాన్ని పల్లెవెలుగు చేసుకున్నాం. కౌతాళం రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆగేచోట నిలబడి ఎయిర్ బ్రేకు రికార్డు చేశాను. "ఇంకోసారి కొట్టన్నా" అంటే డ్రైవరు కొట్టాడు. మూడోసారి అడిగితే లోపల కూర్చున్నవాళ్లు దయ్యాల కంటే ఎక్కువ అరిచారు. సినిమాలో హీరో ఆ బుసకు చచ్చినంత పనవుతాడు. తలుపు తెరుచుకుని కండక్టరు "యెమ్మిగనూరు, యెమ్మిగనూరు" అంటాడు. సినిమా మొత్తంలో గట్టిగా ఈలలు పడింది అక్కడే.

1999లో వచ్చిన 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'లో మంత్రగత్తె ఒక్క షాటులోనూ కనబడదు. డైరెక్టర్లు రాత్రి గుడారం బయట చిన్నపిల్లల గొంతులు టేపులో వేసి నటుల్నే భయపెట్టారు. మా డైరెక్టరు అది చదివి మన నటులకూ అలాగే చేద్దామన్నాడు. వద్దన్నాను. మా నటుల్లో సగం మంది పొద్దున షాపులు తెరుచుకోవాల్సినవాళ్లు, వాళ్లకు నిద్ర ముఖ్యం.

ఈ పనిలో డబ్బు గురించి అడుగుతారు. చిన్న సినిమాలకు సగం అడ్వాన్సు తీసుకోకుండా మొదలుపెట్టకండి. మిగతా సగం రిలీజయ్యాక అంటారు, రిలీజు ఎప్పుడో ఈరన్న స్వామికే తెలియాలి. ఫైనల్ మిక్స్ ఇచ్చే ముందే లెక్క తేల్చుకోండి. టైటిల్స్‌లో మీ పేరు వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారు, దానికి బాధపడొద్దు.

నేర్చుకుంటానని వచ్చేవాళ్లు మొదట ఏ మైకు కొనాలని అడుగుతారు. ఇప్పుడే మైకు వద్దు. చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు కొనండి, చిన్న రికార్డరు ఒకటి అద్దెకు తీసుకోండి. మీ ఇంట్లో రాత్రి పదకొండు తర్వాత ఫ్రిజ్ ఆపి, ఫ్యాన్ ఆపి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసి వినండి. ఎన్ని శబ్దాలున్నాయో రాసుకోండి. దాన్నే రూమ్ టోన్ అంటాం. షూటింగులో ప్రతి గదిలో, ప్రతి రాత్రి అది తీయాలి. ప్యాకప్ అని కేకేసి లైట్లు విప్పుతున్నా, భోజనం చల్లారిపోతున్నా, అందరినీ నిలబెట్టి ఆ ఒక్క నిమిషం తీసుకున్నాకే కేబుల్ చుట్టండి.